స్పితి లోయకు నెల్లూరు ప్యాకేజీ: కొండ ఎక్కించడం తెలుసు, గోంపా చూపించడం తెలియదు

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి కాశీకి, చార్‌ధామ్‌కు యాత్రికులను తీసుకువెళ్లే సంస్థలు మనకు కొత్త కాదు. వంట మాస్టరును, గిన్నెలను, బియ్యం బస్తాలను వెంటబెట్టుకుని బయలుదేరే ఆ పాత పద్ధతిలోనే, మా నెల్లూరు సంస్థ ఒకటి ఇప్పుడు హిమాచల్‌ప్రదేశ్‌లోని స్పితి లోయకు, అక్కడి గోంపాలకు, అంటే బౌద్ధారామాలకు, ప్యాకేజీ నడుపుతోంది. గత సెప్టెంబరులో నేనూ నా భార్యా ఆ బృందంలో వెళ్లివచ్చాము. ఢిల్లీలో ఎక్కించుకుని మళ్లీ ఢిల్లీలో దించేదాకా బస, భోజనం, బండి కలిపి తలకు రూ.38,000 తీసుకున్నారు, నెల్లూరు నుంచి ఢిల్లీకి రైలు టికెట్లు ఎవరివి వారివే. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపం ఆ దారిలో తిరుగుతున్న మరికొన్ని బృందాలలో కూడా కనిపించింది కనుక, దాన్ని ఒక్కరి మెడకు చుట్టడం న్యాయం కాదనిపించింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మైదానపు మనుషులను, అందులోనూ సగానికి పైగా అరవై దాటినవారిని, నాలుగు వేల మీటర్లకు పైబడిన ఎత్తుకు ప్రమాదం లేకుండా ఎక్కించి దించడంలో ఈ సంస్థకు మంచి మార్కులే వేయవచ్చు. అంత ఎత్తుకు ఎందుకు ఎక్కామో, ఆ ఆరామాల గోడల మీద ఏముందో చూపించే విషయంలో మాత్రం వారికి శ్రద్ధ లేదు. తెలుసుకుందామన్న ఆసక్తి కూడా కనిపించలేదు.

స్పితి పేరు వినగానే పచ్చని లోయను ఊహించుకునేవారు మొదటే ఆ ఊహ మార్చుకోవాలి. హిమాలయాలు వాన మబ్బులను దక్షిణం వైపే ఆపేయడం వల్ల ఇది చలి ఎడారిగా మిగిలింది; ఏటి ఒడ్డున బార్లీ, బఠాణీ చేలు తప్ప కంటికి ఆనేదంతా బూడిదరంగు, గోధుమరంగు కొండలే. లోయలోకి రెండు దారులున్నాయి. మనాలి నుంచి కుంజుం కనుమ మీదుగా వచ్చేది దగ్గరి దారి, కానీ అది సుమారు 2,000 మీటర్ల ఎత్తులో పడుకున్న మనిషిని ఒక్క పగటిలో 4,551 మీటర్ల కనుమ దాటించి, సుమారు 3,650 మీటర్ల ఎత్తున్న కాజాలో, అంటే లోయలోని ముఖ్య పట్టణంలో, పడుకోబెడుతుంది. సిమ్లా, కిన్నౌర్ మీదుగా వచ్చేది చుట్టుదారి. రోజులు ఎక్కువ పడతాయి, ఖర్చూ ఎక్కువే, అయినా ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి అదే సరైన దారి. చౌక ప్యాకేజీలు చాలావరకు మొదటి దారినే పట్టుకుంటాయి. ఈ సంస్థ రెండో దారిన ఎక్కించి, మొదటి దారిన దించింది. సముద్రమట్టానికి ఇరవై మీటర్ల ఎత్తు కూడా లేని నెల్లూరు నుంచి వెళ్లేవారికి ఈ ఒక్క నిర్ణయం చాలా విలువైనది.

సిమ్లా దాటాక నార్కండాలో ఒక మజిలీ, ఆ తరువాత 2,960 మీటర్ల ఎత్తున ఉన్న కల్పాలో రెండు రాత్రులు ఉంచారు. కల్పాలో రెండో రోజు పనేమీ లేక, ఎదురుగా కిన్నెర కైలాస శిఖరాన్ని చూస్తూ కూర్చోవలసి వచ్చినందుకు బృందంలో కొందరు గొణిగారు గాని, ఆ విశ్రాంతి లేకుండా 3,600 మీటర్లు దాటిన నాకో అనే ఊరికి తీసుకువెళ్లి ఉంటే మాలో సగంమంది మంచం పట్టేవారు. మూడు వేల మీటర్లు దాటిన తరువాత పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. నాకో దగ్గర ఆ లెక్క కొంచెం తప్పినా, కల్పాలో అదనంగా ఆగడం వల్లా, నాకో తరువాత మజిలీ తాబో మళ్లీ సుమారు 3,300 మీటర్లకు దిగిపోవడం వల్లా సర్దుకుంది.

ఈ దారి గురించి ఒక చిన్న ముచ్చట. మన నెల్లూరు, ఒంగోలు మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా రహదారిని మా తరం వారంతా ఎన్‌హెచ్ ఫైవ్ అనే పిలిచేవాళ్లం. జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు అది 16 అయింది. ఆ పాత 5వ నంబరు ఇప్పుడు ఫిరోజ్‌పూర్ నుంచి సిమ్లా మీదుగా టిబెట్ సరిహద్దులోని షిప్కి లా కనుమకు పోయే రోడ్డుకు దక్కింది. సట్లెజ్ నది పక్కనే కొండను తొలిచి వేసిన ఆ రోడ్డు మీద, తల మీదికి చూరులా వంగిన రాతి కిందుగా మా టెంపో ట్రావెలర్ పోతుంటే, కిలోమీటరు రాయి మీద 5 అంకె చూసి కావలి పెద్దాయన ఒకరు “ఇదేంది, మన రోడ్డు ఇక్కడికొచ్చి కూర్చుంది” అన్నారు.

ఆరోగ్యం విషయంలో మేనేజరు తీసుకున్న జాగ్రత్తలను మెచ్చుకోవలసిందే. బయలుదేరడానికి ముందే అందరినీ తమ తమ డాక్టర్లను కలిసి రమ్మన్నారు; ఎత్తు పడక వచ్చే జబ్బుకు డయామాక్స్ మాత్రలు వాడదలచినవారు, సల్ఫా మందులు పడనివారైతే ముఖ్యంగా, డాక్టరును అడగకుండా వేసుకోవద్దని కాగితం మీద రాసి ఇచ్చారు. కల్పా నుంచి ప్రతి సాయంత్రం వేలికి ఆక్సీమీటర్ తగిలించి అంకె రాసుకునేవారు. కాజాలో గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి, నెల్లూరులో 98 చూపే మనిషికి అక్కడ 86, 88 చూపడం మామూలే; అంకె ఒక్కటే చూసి కంగారు పడకుండా, తలనొప్పి, వాంతి, తూలుడు ఉన్నాయా అని ఒక్కొక్కరినీ అడిగేవారు. కాజా చేరిన మర్నాడు మాలో ఒకావిడకు తలనొప్పితోపాటు వాంతులయ్యాయి. ఆమెను ఇంకా ఎత్తున ఉన్న కోమిక్ అనే ఊరికి తీసుకువెళ్లడానికి మేనేజరు ఒప్పుకోలేదు. ఆమె బతిమాలింది, ఆమె భర్త డబ్బు కట్టామని గట్టిగా మాట్లాడారు. అయినా కాజా ఆసుపత్రిలో చూపించి, తోడుగా ఒక మనిషిని పెట్టి, హోటల్లోనే ఉంచారు. మరునాటికి ఆమె కోలుకుంది. ఇంత కచ్చితంగా ఉండగలిగిన మనిషి ఆరామాల దగ్గర ఎందుకు అంత నిర్లక్ష్యంగా ఉన్నాడో నాకు అంతుబట్టలేదు.

భోజనం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ప్యాకేజీ ఎంచుకునేటప్పుడు మొదట అడిగేది అదే. వంట మాస్టరు కోవూరు వైపు మనిషి. నెల్లూరు మసూరి బియ్యం, కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి అన్నీ వెంట తెచ్చుకున్నాడు. ఎత్తు పెరిగేకొద్దీ నీరు మరిగే వేడి తగ్గిపోతుంది. కాజాలో అది 88 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. కల్పాలో మొదటి రోజు అలవాటు ప్రకారం పెద్ద గిన్నెలో ఎసరు పెట్టి వార్చిన అన్నం పైన మెత్తగా, లోపల పలుకుగా వచ్చింది. దాని సంగతి అడిగితే అతను “ఇక్కడ నీళ్లు తెర్లతాయి గానీ కాగవు సార్” అన్నాడు. ఆ ముక్కలో ఉన్నంత భౌతికశాస్త్రం నాకు పాఠ్యపుస్తకంలో దొరకలేదు. ఆ పూట నుంచి అన్నం, పప్పు అన్నీ పెద్ద కుక్కర్లలోనే చేశాడు, బియ్యం ముందుగా నానబెట్టాడు, కందిపప్పు బదులు త్వరగా ఉడికే పెసరపప్పుకు మారాడు. నాకోలో చలికి చేతులు కొంకర్లు పోతున్న రాత్రి మిరియాల చారు, వేడి అన్నం, వేయించిన అప్పడం పెట్టినప్పుడు బృందంలో ఒక్కరూ మాట్లాడలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అన్ని పూటలా మన భోజనమే కావడంతో, లోయ మనుషులు ఏం తింటారో బృందానికి తెలియనే లేదు. బార్లీ పిండితో చేసే త్సంపా, కూరగాయలు వేసిన నూడుల్స్ చారు తుక్పా, ఉప్పూ వెన్నా కలిపిన చాయ కాజా బజారులో అడుగడుగునా దొరుకుతాయి. ఒక్క పూటైనా స్థానికుల ఇంట్లో భోజనం ఏర్పాటు చేయవచ్చు కదా అని అడిగితే, పెద్దవాళ్లకు కడుపు పాడవుతుందని సమాధానం వచ్చింది. ఆ భయంలో నిజం లేకపోలేదు, కానీ ఇష్టమున్నవారికైనా ఆ అవకాశం ఇచ్చి ఉండాల్సింది. నేనూ మరో ఇద్దరూ సొంత డబ్బుతో తుక్పా తిన్నాము; చల్లని సాయంత్రం వేళ అది మన చారన్నానికి ఏమాత్రం తీసిపోదు.

బస, బండి గురించి ఫిర్యాదులు లేవు. గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు కరెంటు ఉన్నప్పుడు వచ్చాయి, రాంపూర్‌కు చెందిన డ్రైవరు చీకటి పడ్డాక ఎంత చెప్పినా బండి కదిలించలేదు.

ఇక తాబో. ఈ యాత్రకు నేను డబ్బు కట్టిందే దీనికోసం. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యాన్ని ఏలిన యేషే ఓ 996లో కట్టించిన ఆరామం ఇది. ఆయన కాలంలోనే కాశ్మీరులో చదువుకుని వచ్చి సంస్కృత గ్రంథాలను టిబెటన్‌లోకి అనువదించిన రించెన్ జాంగ్‌పో (958–1055) పేరు దీనితో ముడిపడి ఉంది. నలభై ఆరేళ్ల తరువాత యేషే ఓ వంశంలోని జాంగ్‌చుబ్ ఓ దీన్ని బాగుచేయించాడు. మట్టిగోడల ప్రహరీ లోపల తొమ్మిది గుళ్లు ఉన్నాయి. 1975 భూకంపానికి దెబ్బతిన్నా, ప్రధాన మందిరంలోని మట్టి విగ్రహాలు, గోడ చిత్రాలు వెయ్యేళ్లుగా నిలిచే ఉన్నాయి. ఇప్పుడు అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

కార్యక్రమపత్రం ప్రకారం నాకో నుంచి ఉదయమే బయలుదేరి మధ్యాహ్నానికి తాబో చేరాలి. ఆ రోజు టిఫిన్లు ముగిసి బండి కదిలేసరికే పది దాటింది. దారిలో సుమ్‌డో దాటాక పక్కకు మళ్లి గ్యూ అనే ఊరికి తీసుకువెళ్లారు. అక్కడ సుమారు ఐదు వందల ఏళ్ల నాటి ఒక భిక్షువు భౌతికదేహం, 1975 భూకంపం తరువాత బయటపడినది, కూర్చున్న భంగిమలోనే గాజు పెట్టెలో ఉంది. అది చూడదగినదే, కాదనను. అయితే ఆ గాజు పెట్టె ముందు వంతులవారీగా ఫోటోలు తీసుకోవడానికి, బయట మ్యాగీ తినడానికి కలిపి పట్టిన సమయం తాబో నుంచి తీసి ఇచ్చిందే. మేము తాబో చేరేసరికి పాత మందిరం తాళం వేసి ఉంది. పొద్దున ఎనిమిదికి తరువాతి ఆరామం ఉన్న ధన్‌కర్‌కు బయలుదేరాలని మేనేజరు చెప్పాడు. మందిరం తెరిచే దాకా ఆగుదామంటే, “లోపల అంతా చీకటి సార్, ఫోటోలు కూడా తియ్యనియ్యరు, ఏముంది చూడ్డానికి” అన్నాడు. ఒంగోలు నుంచి వచ్చిన విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు ఒకరు మా బృందంలో ఉన్నారు. ఆమె ఊరుకోలేదు: “వెయ్యేళ్ల గుడి వాకిట్లోకి తెచ్చి, లోపల ఏముందని మమ్మల్నే అడుగుతావేంది నాయనా?” చివరికి మర్నాడు తెరిచాక ముప్పావు గంట సమయం ఇచ్చారు.

లోపల చీకటి ఉన్న మాట నిజమే. పైకప్పులో చిన్న వెలుతురు కంత తప్ప కిటికీ లేదు. తాళం తీసిన లామా చేతి టార్చీ వెలిగించి గోడ వెంట మెల్లగా జరిపారు. ఆ వెలుగు ఆగిన చోటల్లా, మనిషి ఎత్తుకు కొంచెం పైన, గోడలోంచి పుట్టుకొచ్చినట్టు ఒక్కొక్క మట్టి విగ్రహం కనిపించింది. ముప్పైకి పైగా ఉన్నాయి. ఒక్కొక్కదాని వెనుక గుండ్రని ప్రభామండలం, వేళ్ల ముద్ర ఒక్కొక్కదానికి ఒక్కో తీరు, కొన్నింటికి నడుము దగ్గర బట్ట మడతల మీద పాత రంగు ఇంకా మెరుస్తోంది. మందిరం మధ్యలో నాలుగు దిక్కులకూ ముఖం పెట్టి వీపులు కలిపి కూర్చున్న వైరోచన బుద్ధుడు. విగ్రహాలకు కింద, గోడ పొడవునా, రెండు కథలు బొమ్మలుగా సాగుతాయి: ఒకవైపు బుద్ధుని జీవితం, మరోవైపు గండవ్యూహ సూత్రంలోని సుధనుడి యాత్ర.

ఆ సుధనుడి కథ మనకు దగ్గరిది. మంజుశ్రీ బోధిసత్త్వుడి బోధ విన్న సుధనుడనే వర్తకుడి కొడుకు, జ్ఞానం కోసం ఒక గురువు దగ్గర నుంచి మరొక గురువు దగ్గరకు పోతూనే ఉంటాడు. భిక్షువులే కాదు, నావికుడు, స్త్రీలు, పిల్లవాడు, రాజు, అందరూ అతని గురువులే. ఆ యాత్ర మొదలయ్యేది దక్షిణాపథంలోని ధన్యాకరమనే నగరం దగ్గర. దాన్ని కృష్ణా తీరంలోని మన ధాన్యకటకంగా, అంటే నేటి అమరావతిగా గుర్తించిన పండితులు ఉన్నారు. టార్చీ వెలుగులో నావికుడి పడవ బొమ్మను లామా చూపిస్తున్నప్పుడు, ఆ కథ ఎక్కడ మొదలైందో తెలిసినవారు మా బృందంలో ఎవరూ లేకపోవడం, తెలిసేలా చెప్పించవలసిన మేనేజరు బయట సామాను కట్టించుకుంటూ ఉండడం నాకు కష్టమనిపించింది. లామా హిందీలో ఓపికగా చెబుతున్నారు. మాలో సగంమందికి హిందీ రాదు. టీచరమ్మ తనకు అర్థమైనంత తెలుగులో చెబుతూ వచ్చారు. సుధనుడి యాత్ర సగం గోడ కూడా దాటకముందే బయట టెంపో హారను మోగింది.

మేనేజరు దగ్గర సమాచారం లేకపోవడం ఒక ఎత్తు, ఉన్న సమాచారం తప్పు కావడం మరొక ఎత్తు. తాబోను అశోకుడు కట్టించాడని దారిలో మైకులో చెప్పాడు. అశోకుడికీ యేషే ఓకూ మధ్య పన్నెండు వందల ఏళ్లకు పైగా తేడా ఉంది. చెప్పడం రాకపోతే చెప్పకుండా ఉండడమే మేలు. ఆరామంలోనే హిందీలో చెప్పగల వారుంటారు. తెలుగులో అనువదించగల మనిషి ఒకరిని ఒక్క పూట పక్కన నిలబెట్టడానికి ఈ ప్యాకేజీలో డబ్బు చాలకపోదు.

కీ ఆరామంలో పరిస్థితి కొంత మెరుగ్గా ఉంది, ఆ ఘనత మాత్రం సంస్థది కాదు, అక్కడి భిక్షువులది. 4,166 మీటర్ల ఎత్తున, కొండ కొమ్ము మీద అంతస్తులు అంతస్తులుగా ఉన్న ఈ ఆరామం స్పితిలో అన్నిటికంటే పెద్దది. వచ్చినవారిని వంటగదిలోకి పిలిచి, మసిబారిన పెద్ద పొయ్యి పక్కన కూర్చోబెట్టి మూలికల చాయ ఇవ్వడం వారి ఆచారం. ఒక పెద్ద లామా మాది ఏ ఊరని అడిగారు. నెల్లూరు తెలియలేదు, ఆంధ్రా అనగానే అమరావతి పేరు ఎత్తారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు లోయ నుంచి చాలామంది వెళ్లారని చెప్పారు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది. అదే కాలచక్ర దీక్ష తాబోలో 1996లో, ఈ కీ ఆరామంలో 2000లో జరిగింది. ఈ మాట బయలుదేరేటప్పుడే చెప్పి ఉంటే, “మనకూ దీనికీ ఏం సంబంధం” అని సిమ్లా నుంచీ నసుగుతున్నవారు కళ్లు తెరుచుకుని చూసేవారు. దొనకొండ దగ్గరి చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున, శాతవాహనుల నాటి స్తూపాన్ని పెట్టుకుని కూడా మనం అటు తిరిగి చూడం. ఈ సంస్థకు బౌద్ధయాత్రలు నడపాలనే ఉద్దేశం నిజంగా ఉంటే, స్పితికి డబ్బు కట్టినవారిని ముందుగా ఒక ఆదివారం చందవరం తీసుకువెళ్లి స్తూపం అంటే ఏమిటో, ప్రదక్షిణ పథం ఎలా ఉంటుందో చూపించవచ్చు.

మర్యాదల సంగతి కూడా ముందే చెప్పవలసింది. కీ ప్రార్థన మందిరంలో మా వాళ్లలో ఒకరు భక్తితోనే పర్సులోంచి కర్పూరం బిళ్ల తీసి వెలిగించబోయారు. చిన్న భిక్షువు ఒకడు పరుగున వచ్చి, రెండు చేతులూ జోడించి ఆపి, వెన్నదీపాలు వెలిగించే వేరే గదిని చూపించాడు. పొగకు గోడ చిత్రాలు మసిబారతాయని ఎవరైనా చెప్పి ఉంటే ఆమె అంత సిగ్గుపడే పని ఉండేది కాదు. స్తూపాలకు, మంత్రం చెక్కిన రాళ్లు పేర్చిన మణి గోడలకు కుడివైపుగా తిరగాలన్నది మాత్రం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ధన్‌కర్ దగ్గర మళ్లీ తొందరే. స్పితి, పిన్ నదులు కలిసేచోట, వాన కోసిన పుట్టల వంటి మట్టి శిఖరాల మధ్య వేలాడుతున్న ఈ ఆరామాన్ని 2006లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న నూరు కట్టడాల జాబితాలో చేర్చింది. ఒకప్పుడు స్పితికి రాజధాని కూడా ఇదే. లోపలి గదులు ఇరుకు, మెట్లు నిటారు, మోకాళ్ల నొప్పులున్నవారు కిందనే ఆగిపోవలసి వస్తుంది. ఈ విషయం కార్యక్రమపత్రంలో లేదు. దగ్గరలోనే ఉన్న లాలుంగ్, అక్కడి పాత బంగారు మందిరం, ప్యాకేజీలోనే లేవు. పిన్ లోయలోని కుంగ్రి కూడా లేదు, దానివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు: తాబో, ధన్‌కర్, కీ మూడూ గెలుగ్ సంప్రదాయానివి, కోమిక్ సాక్య సంప్రదాయానిది, కుంగ్రి ఞింగ్మా వారిది, ఆ ఒక్క ఊరు కలిపి ఉంటే లోయలోని మూడు టిబెటన్ బౌద్ధ సంప్రదాయాలనూ చూసినట్టయ్యేది.

మిగిలిన సమయమంతా ఎటు పోయిందంటే, ఫోటోలకు. చాలా ఎత్తున ఉందని పేరున్న కాజా పెట్రోలు బంకు ముందు ఒక ఫోటో, 2017లో తెరిచిన చిచం వంతెన మీద గంటకు పైగా, 4,587 మీటర్ల ఎత్తున్న కోమిక్‌లో ఎత్తు రాసిన బోర్డు పక్కన ఫోటోలకు వరుస. కోమిక్ ఆరామం లోపలికి వెళ్లినవాళ్లు మాలో నలుగురే. హిక్కిం తపాలా కార్యాలయాన్ని మాత్రం నేను తప్పుపట్టను. సుమారు 4,400 మీటర్ల ఎత్తులో 1983 నుంచి నడుస్తున్న ఆ ఆఫీసు నుంచి మనవలకు కార్డులు రాయడానికి పెద్దవాళ్లు చూపిన ఉత్సాహం చూడవలసినదే, పైగా కార్డులన్నీ ఆలస్యంగానైనా నెల్లూరు చేరాయి.

తిరుగుదారిలో చంద్రతాల్ దగ్గర గుడారాల్లో పడుకోబెట్టకుండా, సరస్సు చూపించి అదే రోజు కిందికి దించడం మంచి పనే. ఆ ఎత్తులో, ఆ చలిలో, ఆసుపత్రికి అంత దూరంలో అరవై దాటినవారికి రాత్రి బస తగదు. కుంజుం దగ్గర డ్రైవరు, అక్కడి అలవాటు ప్రకారం, బండిని దేవి గుడి చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. అక్కడి నుంచి గ్రాంఫూ దాకా రోడ్డు అనదగినది చాలాచోట్ల లేదు, నడుము నొప్పి ఉన్నవారు వెనుక సీట్లు వద్దని ముందే చెప్పుకోవాలి. అటల్ సొరంగంలోకి దిగాక బండి కుదుపు ఆగింది.

డబ్బు విషయంలో దాపరికం లేదు. చెప్పినదానికి మించి అడగలేదు, రసీదు ఇచ్చారు, గుర్రాల వాళ్ల దగ్గర, దుకాణాల దగ్గర కమీషన్ల కోసం ఆపలేదు. రూ.38,000కు ఈ బండి, ఈ వంట, ఈ ఆరోగ్య జాగ్రత్త దొరకడం సమంజసమే. ఆరామాల కోసం కాక కొండల కోసం వెళ్లేవారికి ఇంకేమీ అక్కరలేదు.

వచ్చిన తరువాత ఈ విషయాలన్నీ రాసి సంస్థ యజమానికి ఇచ్చాను. ఆయన నొచ్చుకోకుండా చదివారు. వచ్చే ఏడాది మే నెల బృందానికి తాబోలో రెండు రాత్రులు పెడతామని, గ్యూను ఇష్టమున్నవారికే ఉంచుతామని, తలకు రూ.1,500 పెరుగుతుందని ఫోనులో చెప్పారు. కొత్త కార్యక్రమపత్రం ఇంకా చేతికి రాలేదు. అడ్వాన్సు కట్టదలచినవారు ఆ రెండు రాత్రుల మాట, తాబోలో తెలుగులో చెప్పే మనిషి ఉంటాడా లేదా అన్న మాట కాగితం మీద రాయించుకుని కట్టండి. ఇంకొక సంగతి: రోహిణి కార్తె ఎండల నుంచి తప్పించుకోవడానికి మే బాగుంటుందని అనిపించినా, ఆ నెలలో కుంజుం కనుమ మీద మంచు తొలగి దారి తెరుచుకుని ఉంటుందన్న భరోసా లేదు. దారి తెరవకపోతే వచ్చిన సిమ్లా దారినే వెనక్కి రావాలి, రోజులు పెరుగుతాయి, ఢిల్లీలో రైలు టికెట్లు వృథా అవుతాయి. ఆ అదనపు ఖర్చు ఎవరు భరించాలో కూడా అదే కాగితంలో ఉండాలి.